మూడో తాడు

ఒక గీత, ఇంకా ఒక గీతే, రెండోది వచ్చినట్టే వచ్చి పోయింది, ఈ బండ ఎక్కితే రెండు గీతలు ఖాయమని ఊరంతా అంటుంది, అందుకే దీనికి సిగ్నల్ రాయని పేరు, పుట్టిన బిడ్డకు పేరు పెట్టాలంటే పది రోజులు తర్జనభర్జన పడే ఊరు ఈ బండకు మాత్రం ఒక్క పూటలో పెట్టేసింది, అనుకుంటూ సర్వేశ్వరరావు మునివేళ్ల మీద లేచి చేతిలో ఫోన్ని ఇంకో జానెడు పైకెత్తాడు, ఆ ఫోను తనది కాదు, భార్య రత్నాలుది, ఊదారంగు కవరు, అద్దం మూలన చిన్న బీట, తన ఫోను ఎడమ చెవికి ఆనించి ఉంది, అందులో విశాఖపట్నం నుంచి వినయ్, క్రెడిట్ కార్డులు ఇప్పించే ఏజెంటు, లైన్లోనే ఉండండి సార్, లింకు ఓపెన్ అయింది కదా, ఓటీపీ మేడం నంబరుకే వస్తుంది, ఆ ఆరంకెలు అందులో కొట్టేస్తే మీ రెండు లక్షలూ మేడం కార్డులోకి వెళ్లిపోతాయి, మీ కార్డు జీరో, మూడు నెలలు వడ్డీ లేదు, ఆఫరు మాత్రం ఐదింటిదాకానే సార్ అంటున్నాడు, జీరో అన్న మాట పలికేటప్పుడు వినయ్ గొంతులో బెల్లం కరుగుతుంది, టైం నాలుగూ పది, కింద కాఫీ తోట మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడలు అప్పుడే సాగుతున్నాయి, పొద్దున్న రత్నాలు డుంబ్రిగుడ సంతకు బయల్దేరుతుంటే ఫోన్ అడిగాడు, ఆమె ఊరి సచివాలయంలో ఏఎన్ఎం, సంతరోజున జ్వరాలవాళ్లకు రక్తం తీసి చూసే బల్ల ఆమెది, నా ఫోను ఎందుకు మాస్టారూ అంది, నా దాంట్లో నెట్టు సరిగ్గా రావడం లేదు, బ్యాంకు పనొకటుంది, అవగానే సంతకు తెచ్చి ఇచ్చేస్తానన్నాడు, సరే నాకు ఆఫీసు ట్యాబు ఉందిగా అని చేతిలో పెట్టేసింది, ఏ బ్యాంకు, ఏం పని అని అడగలేదు, పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు, ఒక్కసారి అడిగి ఉంటే ఈ బండ దాకా వచ్చేవాడు కాదేమో, చూడు, తప్పు తను చేసి అడగలేదని ఆమె మీద వేస్తున్నాడు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తన పేరే సర్వేశ్వరుడు, ఇంక పట్టేదెవరు.

మొదట తొంభై వేలు, అంతే, తొంభై వేలకు మనిషి ఇలా బండలెక్కుతాడని ఎవరైనా చెబితే నవ్వేవాడు, నాలుగేళ్ల కిందట, మబ్బులు చూడ్డానికి పట్నం జనం కొండలమీద పడుతున్న రోజులు, గాసి వచ్చాడు, చిన్నప్పటి స్నేహితుడు, ఒరే మాస్టరూ, మీ మెట్టలో పది టెంట్లు ఏసి బొంగులో కోడి ఒండి పెడితే ఒక్కో రాత్రికి ఎంతొత్తాదో తెలుసా అన్నాడు, తెలియదు, తెలుసుకుందామని కార్డు గీకాడు, అప్పటికి ఆ కార్డు జేబులో ఏడాదిగా పడి ఉంది, జీతం పడే బ్యాంకువాళ్లు ఫోన్ చేసి మీకు అర్హత ఉంది సార్ అన్నారు, అర్హత అన్న మాటకే పడిపోయాడు, తాతముత్తాతల్లో ఎవరికీ ఎవరూ ఆ మాట అనలేదు మరి, మొదటి చలికాలం బాగానే గడిచింది, రెండో చలికాలానికి ముందే గాలివాన వచ్చి పదింటిలో ఏడు టెంట్లు లోయలోకి ఎగరేసుకుపోయింది, జనం ఇంకో కొండ చూసుకున్నారు, గాసి హైదరాబాదులో వాచ్‌మన్ పని చూసుకున్నాడు, కార్డు మాత్రం ఎక్కడికీ పోలేదు, నూటికి మూడున్నర, నెలకి, అది చూసుకున్న రోజున ఎనిమిదో తరగతిలో బారువడ్డీ చెబుతున్నాడు, నోరు ఊరుకోక నెలకి నూటికి మూడున్నరైతే ఏడాదికి ఎంతర్రా అన్నాడు, పావని అనే పిల్ల లేచి నలభై రెండు సార్ అంది, అంత వడ్డీకి ఎవరు తీసుకుంటారు సార్ అని కూడా అంది, క్లాసంతా నవ్వింది, తనూ నవ్వాడు, సుద్దముక్క చేతిలో విరిగింది.

అప్పుడు దొరికాడు వినయ్, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ సార్, ఒక కార్డులో అప్పు ఇంకో కార్డులోకి, నూటికి రెండు రూపాయల ఫీజు, మూడు నెలలు వడ్డీ ఉండదు, ఆ మూడు నెలల్లో కట్టేసుకోండి, అంత తేలిక, నిజమే, తేలికే, ఆ సాయంత్రం మొదటి కార్డు తెరిస్తే బాకీ సున్నా అని కనబడింది, ఎంత అందమైన అంకె, గుండ్రంగా, లోపల ఏమీ లేకుండా, ఆ అంకె చూసి చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, రెండు నాటుకోళ్లు కొని ఇంటికి పట్టుకెళ్లాడు, ఇంటినుంచి అప్పు వెళ్లిపోతే కోడి కోసి పెద్దల్ని పిలవడం ఊరి ఆచారం, పూర్వం అప్పుకు గుర్తుగా తాడుకు ముడులు వేసి తీరాక విప్పేవారు గనక ముడి విప్పిన కోడి అంటారు, తిన్నవాళ్లంతా ఆ ఇంటికి అప్పు లేదని సాక్షులు, తను పిలవలేదు, పిలిస్తే ఏ అప్పని అడుగుతారు, డీఏ బకాయిలు వచ్చాయని రత్నాలుకు చెప్పాడు, ఆమె మసాలా నూరి కమ్మగా వండింది, నాయనమ్మ సోములమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని మెడముక్క చీకుతూ ఎవుడి ముడి ఇప్పినావురా ఈ కోడి అనడిగింది, నవ్వి ఊరుకున్నాడు, ఆ నవ్వే కొంప ముంచింది, కోడి తిన్నాక అప్పు నిజంగానే పోయిందనిపించింది, ముడి విప్పిన తాడు ఖాళీ తాడే కదా, మళ్లీ వాడుకోవచ్చనిపించింది, కార్డు మూసేయించాలని తోచలేదు, ముందు ఫ్రిజ్జు, తర్వాత వంటింటి మీదకు రేకులు, తర్వాత మిగిలిన మూడు టెంట్లకు రిపేర్లు, వాటిలో మళ్లీ ఎవరూ పడుకోలేదు, ఖాళీ తాడుకు ముడి మీద ముడి పడుతూనే ఉంది, రెండో కార్డులో మూడు నెలలూ గడిచిపోయి అక్కడా నూటికి మూడున్నర మొదలైంది, ఇక్కడ గీకి అక్కడ కట్టడం, అక్కడ గీకి ఇక్కడ కట్టడం, కుడితిలో పడ్డ ఎలుకలా ఒకటే తిరుగుడు.

హలో సార్, ఉన్నారా, అన్నాడు వినయ్, ఉన్నాను, రాలేదా, రాలేదు, రీసెండ్ కొట్టండి, ఇంకా రెండుసార్లే ఛాన్సుంటుంది జాగ్రత్త, కొట్టాడు, ఒక గీత, గీత కూడా పోయింది, మళ్లీ వచ్చింది, ఇంతలో వినయ్ మాటల మధ్య టుక్ టుక్‌మని ఇంకో కాల్, ఆ నంబరు చూడకుండానే తెలుసు, ప్రవీణ్ అని చెప్పుకుంటాడు, వసూళ్ల మనిషి, మర్యాదగానే మాట్లాడతాడు, మాస్టారు గారూ అంటాడు, రెండు నెలలైంది కదా మాస్టారు గారూ, ఈ రోజు పడకపోతే రేపు నేనే మీ స్కూలుకు వస్తాను, మీ హెడ్‌మాస్టరు గారికి నమస్కారం పెట్టి పోతాను అన్నాడు నిన్న, ఆ నమస్కారం కళ్లముందు కడుతోంది, ప్రేయర్ జరుగుతూ ఉంటుంది, రెండువందలమంది పిల్లలు వరసల్లో, పావని ముందు వరసలో, గేటు దగ్గర బైకు ఆగుతుంది, వద్దు, అది జరక్కూడదు, ఈ ఆరంకెలు వస్తే అది జరగదు, అందుకేగా పోయిన నెల వినయ్ మీకు ఇంక ఏ బ్యాంకూ ఇవ్వదు సార్, మేడంకు జీతం ఉంది కదా, మేడం సిబిల్ స్కోరు అద్దంలా ఉంది, ఆవిడ పేరు మీద తీద్దాం అంటే, ఛ అనాల్సిన చోట ఆలోచించి చెబుతాను అన్నాడు, ఆలోచించింది ఒక్క రాత్రి, ఆమె డ్యూటీకి వెళ్లాక ట్రంకుపెట్టెలో ఫైలు తీసి ఆధారూ పానూ జీతం కాగితాలూ ఫొటో తీశాడు, ఫైల్లో ఆమె నర్సింగు ట్రైనింగునాటి ఫొటో ఉంది, రెండు జడలు, భయంభయంగా కళ్లు, దాన్ని బోర్లించి పెట్టి మిగతావి తీసుకున్నాడు, స్కూలు కాగితమొకటి ఉందని చెప్పి స్విచ్చి వేసినంత సులువుగా ఆమెతో సంతకం పెట్టించాడు, చదవకుండా పెట్టింది, కార్డు స్కూలు అడ్రసుకు వచ్చింది, దానిమీద ఆమె పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో, వేలితో తడిమితే తెలుస్తుంది, వారం రోజులుగా అది హాజరుపట్టీలో ఉంది, రోజూ పిల్లల పేర్లు పిలుస్తూ పేజీ తిప్పినప్పుడల్లా గట్టిగా తగులుతోంది.

కింద కొమ్మలు కదిలాయి, ఎలుగుబంటేమో అని ఒక అడుగు వెనక్కి వేశాడు, కాదు, నాయనమ్మ, నడుముకు బుట్ట కట్టుకుని ఎర్రటి కాఫీ పళ్లతో కొండ ఎక్కి వస్తోంది, డెబ్బై దాటినా కూలిమనిషిని పెట్టనివ్వదు, పచ్చికాయా పండూ కలిపి దూసేత్తారు ఆళ్లు అంటుంది, ఇప్పుడే రావాలా, గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే, ఫోన్ చెవినుంచి తీయకుండా చెయ్యి అడ్డం పెట్టి ఏటి నాయనమ్మా అన్నాడు, ఏటీ లేదు, కాళ్లు పీకుతన్నాయి, కూసుంటాను అంటూ బండ అంచున కూర్చుంది, వేళ్లనిండా పళ్ల జిగురు, కొంగుతో తుడుచుకుంటూ అతనివైపు చూసింది, చూస్తూనే ఉంది, అది రత్నాలు పోను కాదా అంది, అవును, నాది పాడైంది, పాడైపోతే ఆ సెవి కాడ ఏటది అంది, జవాబు కోసం ఆగలేదు, మీ తాత మొకం ఒకనాడు ఇలాగే ఉండేది సర్వేసూ, మూడో తాడు తెచ్చిన నాడు, అంది.

మూడో తాడు, తాతకు రెండు తాళ్లేగా, ఆ కథ పాలతోపాటు తాగాడు తను, తాత భీముడు, పెళ్లికి పిల్ల తండ్రికి ఓలి కట్టడానికి సావుకారు దగ్గర అరవై రూపాయలు తెచ్చి, తీర్చలేక ఆ ఇంటికి చాకిరీకి పోయాడు, అప్పు తీరేదాకా మనిషే తాకట్టు, అప్పట్లో దాన్ని గొత్తి అనేవారు, చదువు లేదు గనక కాగితం లేదు, అడ్డతీగ నార తాడు పేని అయిదు రూపాయలకో ముడి వేసేవారు, కొన్నాళ్లకు ఇంకో సావుకారు, ఈయన మంచోడట, రోజుకు రెండుసార్లు అంబలి పోస్తాడట, మొదటాయన బాకీ కట్టి తాతను తనింటికి తీసుకున్నాడు, మొదటాయన పెద్దల ముందు ముడులన్నీ విప్పి తాడు చేతికిచ్చాడు, తాత కోడి కోశాడు, ఆ రెండు తాళ్లూ నాయనమ్మ ఇంటి దూలానికి ఇప్పటికీ వేలాడుతున్నాయి, చిన్నప్పుడు వాటిని చూసి తాతను వీరుడనుకున్నాడు, ఇప్పుడు ఈ బండ మీద, చెవిలో వినయ్ ఊపిరి వినబడుతుండగా, మొదటిసారి ఆ కథలో లెక్క తగిలింది, రెండో తాడుకు ఎన్ని ముడులు నాయనమ్మా అన్నాడు, ఎన్నేటి, మొదటి దానికి ఎన్నో అన్నీ, పైన ఒకటి ఎక్కువ, ఆ సావుకారి తిరుగుడు కర్సుకి అంది, ఫీజు, వినయ్ చెప్పినలాంటిదే, యాభై ఏళ్ల కిందటి ఫీజు, మరి మూడోది, అని అడిగాడు, అడక్కుండా ఉండాల్సింది అని అడుగుతుండగానే అనిపించింది.

నాయనమ్మ చెప్పింది, ఏడవకుండా, సంతలో బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది, తాతకు దగ్గు పట్టుకుంది, రెండో సావుకారు ఈడు నాకు అక్కర్లేదు, నా డబ్బు నాకు పారేయండి అన్నాడు, కింద ఊళ్లో ధాన్యం వ్యాపారి బాకీ కడతానన్నాడు గానీ దగ్గుమనిషి ఒద్దు, ఆడమనిషిని పంపు అన్నాడు, చాకిరీ ఎవరిదైతే తాడు ఆ మనిషి చేతికి ముట్టించాలి, అది కట్టుబాటు, అప్పటికి నాయనమ్మకు ఆరో నెల, తాత పొద్దుగూకే వేళ వచ్చాడు, చేతిలో కొత్త తాడు, ముడులతో, కడుపులో బిడ్డకి దిట్టి తగలకుండా గురువు ఇచ్చినాడు, సెయ్యి సాపు అన్నాడు, ఆమె చాపింది, కట్టాడు, ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చూపించుకుని మూడు రోజులు మురిసిందట, నాలుగో రోజున వ్యాపారి మనిషి గుమ్మం ముందు నిలబడి తాడున్న గుంట ఎవత్తే అన్నాడట, నాలుగేళ్లు చేసింది, సర్వేశ్వరరావు నాన్న ఆ ధాన్యపు కొట్లోనే పుట్టాడు, ఎప్పుడో ఆఫీసరొకడు వచ్చి ఇంక అప్పుల్లేవు పొండి అన్నాక వదిలారు, ఆ మూడో తాడు దూలానికి కట్టనివ్వలేదు, పొయ్యిలో పెట్టింది, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, పోయిన మనిషి పరువెందుకు అని, చెప్పి, జిగురు వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంటూ, పని సేసినందుకు ఏడవలేదురా, కొండమీద పుట్టినోళ్లకి పనేటి కొత్త, నన్నడిగుంటే నానే సెయ్యి సాపుదును, అడగలేదు మీ తాత, దానికే ఏడిసాను, అంది.

అప్పుడే అరచేతిలో ఫోను గొణిగింది, రెండు గీతలు, రెండు గీతలు నిజంగా వచ్చాయి, నాలుగు తొమ్మిది సున్నా ఏడు ఏడు ఒకటి, కింద సన్నటి అక్షరాల్లో ఎవరికీ చెప్పవద్దు, వచ్చిందా సార్, అన్నాడు వినయ్, వచ్చింది, అయితే కొట్టేయండి, మూడు నిమిషాలే ఉంటుంది, బొటనవేలు లేచింది, నాలుగు కొట్టాడు, తొమ్మిది కొట్టాడు, పొద్దున్న రత్నాలు ఈ ఫోన్ని ఇచ్చినప్పుడు అరచేయి పైకి చాపి ఇచ్చింది, మణికట్టు తెల్లగా, గడియారం పట్టీ ఉండేచోట ఎండ తగలని చార, ఆమె చెయ్యి చాపింది, తను తీసుకున్నాడు, బ్యాంకు పనన్నాడు, తాత గురువు ఇచ్చిన తాడన్నాడు, సున్నా దగ్గర వేలు ఆగింది, ప్రేయర్, గేటు, బైకు, నమస్కారం, వేలు మళ్లీ లేచింది, వడ్డీ లేని మూడు నెలలు, మూడు నెలలంటే తొంభై రోజులు, తొంభై రోజులు ఊపిరి, తర్వాత ఎవరి పేరు మీద, నాన్న లేడు, ఇంకెవరున్నారు, బుట్ట కట్టుకుని కూర్చున్న ఈ ముసలామె వేలిముద్రా, హలో సార్, ఒక నిమిషమే ఉంది, సార్, మళ్లీ ఇలాంటి ఆఫర్ రాదు సార్, ఆ గొంతులో బెల్లం కరిగిపోయి అడుగున ఇసుక తగులుతోంది, పాపం అతనికీ నెలకిన్ని కార్డులని లెక్క ఉంటుంది, వద్దు వినయ్ అన్నాడు, ఏం వద్దు సార్, ఇది మా ఆవిడ కార్డు, ఆవిణ్ణి నేను అడగలేదు అన్నాడు, అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు, అద్దం మీద అంకెలు గడువు ముగిసి చెల్లకుండా పోయాయి, పొద్దుపోతంది, బేగి దిగు, సంత ఎత్తేత్తారు, అంది నాయనమ్మ.

దిగుతున్నాడు, బుట్ట తను భుజానికెత్తుకున్నాడు, నాయనమ్మను ఇంటి దగ్గర వదిలి బండి తీశాడు, మలుపులో జేబులోని ఫోన్ మోగింది, ప్రవీణే, ఆపి ఎత్తాడు, రేపు రండి, స్కూలుకే రండి, నేనే హెడ్‌మాస్టరు గారికి ముందుగా చెబుతాను అన్నాడు, ఫోన్ జేబులో పెట్టి మళ్లీ బండి తీశాడు, ఏం చెప్పాలి రత్నాలుకు, ఎక్కడ మొదలుపెట్టాలి, టెంట్ల దగ్గరా, కోళ్ల దగ్గరా, రెండు లక్షలు అక్కడ, లక్షా పన్నెండు వేలు ఇక్కడ, ఈ రెండూ ఎప్పుడూ ఒక కాగితం మీద రాయలేదు, ఒక కార్డు సంగతి ఇంకో కార్డుకు తెలియనట్టే తనకీ తెలియకుండా చూసుకున్నాడు, లెక్కల మాస్టారు నాలుగేళ్లుగా ఒక్క కూడిక చేయలేదు, సంత సగం ఖాళీ అయింది, చింతపండు బుట్టలు ఆటో ఎక్కుతున్నాయి, రత్నాలు బల్ల దగ్గర చివరి మనిషి వేలు తుడుస్తోంది, తలెత్తి చూసి, అయిపోయిందా మాస్టారూ పని, అంటూ ఫోన్ కోసం చెయ్యి చాపింది, అదే చెయ్యి, తెల్లటి చార, ఫోను పెట్టాడు, దాని పక్కన ఆమె పేరున్న కార్డు పెట్టాడు, ఆమె తీసుకుని ఉబ్బెత్తు అక్షరాలమీద వేలు పోనిచ్చింది, ఇదేంటి, నా పేరుంది అంది, అబద్ధమాడి నీ పేరు మీద తీశాను, ఇందులో ఇంకా ఏమీ పడలేదు, పడకూడదు, నాది వేరే ఉంది, మూడు లక్షల పన్నెండు వేలు అన్నాడు, మొత్తం, ఒక్క మాటగా, నోటితో, ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది, ఇది ఎప్పుడు చెబుదామనుకున్నారు మాస్టారూ అంది, అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది, ఇన్నాళ్లూ తను భయపడింది గేటు దగ్గర బైకుకు కాదని, ఈ ఒక్క ప్రశ్నకని ఇప్పుడు తెలిసింది, ఆమె రక్తం నమూనాల పుస్తకం తిరగేసి చివరి ఖాళీ పేజీ చింపి, పెన్ను అతనివైపు తోసింది, రాయండి, ఏ కార్డుకెంత, ఏ తారీకు, ఒక్కటి కూడా దాచొద్దు, అంది, రాశాడు, కూడాడు, గీత గీశాడు, ఆ గీత కింద అంకెలోంచి ఒక్క రూపాయి తగ్గలేదు, వడ్డీ అలాగే ఉంది, రేపు ప్రవీణ్ వస్తాడు, ఆమె ఇంకా అతని ముఖం చూడటం లేదు, కానీ అప్పు నాలుగేళ్లలో మొదటిసారి ఒకచోట నిలబడి ఉంది, ఇంక ఎవరి చేతికీ మారడం లేదు.